సెలవు రోజుల్లో కారు డీటెయిలింగ్: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో పెయింట్ సంరక్షణ గురించి రాస్తూ, ఉద్యోగం వదలకుండానే డీటెయిలింగ్ పని, అంటే కారును లోపలా బయటా పట్టిపట్టి శుభ్రం చేసి మెరుగుపెట్టే పని పెట్టుకోవచ్చని మాటవరసకు అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాను. నేను బాడీ షాపులో పెయింట్ బూత్‌లో పనిచేస్తూ, సెలవు రోజుల్లో ఈ పని మొదలుపెట్టినవాణ్ణి. అందుకని నా జవాబుల్లో వ్యాపారి కంటే పెయింటర్ ఎక్కువగా కనిపిస్తే సర్దుకుపోండి.

ప్రశ్న: ఆఫీసు ఉద్యోగిని. శని, ఆదివారాలు ఖాళీ. నా కారు నేనే కడుక్కుంటాను, చూసినవాళ్ళు బాగుందంటారు. ఈ పని పెట్టాలంటే ఏయే మెషిన్లు కొనాలి?

మెషిన్ల సంగతి తర్వాత. చీకటి పడ్డాక ఫోన్ టార్చి వేసి మీ కారు బానెట్ మీద ఒకసారి చూడండి. లైటు చుట్టూ సాలెగూడులాంటి సన్నగీతలు కనిపిస్తే, అవి చెట్టు కొమ్మలో పక్కింటి పిల్లలో గీసినవి కావు. కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు పడినవి. దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. వాటిని బట్ట కింద పెట్టి రుద్దితే పైపొర గీసుకుపోతుంది. మీ సొంత కారు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. రేపు డబ్బులిచ్చిన మనిషి అడుగుతాడు.

కాబట్టి మొదట నేర్చుకోవాల్సింది గీతలు పడకుండా కడగడం. ముందు చక్రాలు. వాటికి వేరే బకెట్, వేరే బ్రష్, వేరే బట్టలు. చక్రాల దగ్గరుండే బ్రేక్ దుమ్ములో ఇనుప రేణువులుంటాయి, ఆ బట్ట పొరపాటున కూడా బాడీ మీదికి రాకూడదు. తర్వాత బాడీని చెయ్యి తగలకుండా నీళ్ళతో బాగా తడిపి, నురుగు వేసి, కొన్ని నిమిషాలు నాననిచ్చి, ఎండిపోకముందే కడిగేయాలి. సగం మట్టి అక్కడే పోతుంది. అప్పుడు షాంపూ నీళ్ళ బకెట్ ఒకటి, మంచినీళ్ళ బకెట్ ఒకటి పెట్టుకుని, పైకప్పు నుంచి కిందికి రావాలి. ఒక్కో భాగం తుడిచాక గ్లౌజును మంచినీళ్ళలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. రెండు బకెట్ల అడుగునా జల్లెడ ప్లేటు ఉంటే దిగిన ఇసుక మళ్ళీ పైకి రాదు. తలుపుల కింది భాగం, వెనక బంపర్ ఆఖరున. ఎండలో కడగొద్దు, బానెట్ వేడిగా ఉన్నప్పుడు అసలే వద్దు. నీళ్ళు ఆరిపోయిన చోట ఉప్పు మరకలు మిగిలి, వాటిని తీయడం ఇంకో పనవుతుంది.

ఆరబెట్టేటప్పుడు మెత్తని, బరువైన మైక్రోఫైబర్ టవల్ పరిచి నెమ్మదిగా లాగండి, రుద్దొద్దు. ఆ బట్టల్ని కాటన్ బట్టలతో కలిపి ఉతకొద్దు, నూలు పోగులన్నీ వాటికి పట్టుకుంటాయి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడితే నీళ్ళు పీల్చే గుణం పోతుంది, ఎక్కువ వేడిలో ఆరబెడితే పోగుల కొసలు గట్టిపడి అవే గీతలు పెడతాయి. కింద పడిన బట్టను దులిపి మళ్ళీ కారు మీద పెట్టేవాణ్ణి నేను పనిలో పెట్టుకోను.

ఇక సామాను. ఆ రెండు బకెట్లు, వాష్ గ్లౌజులు, ఓ కట్ట మైక్రోఫైబర్ బట్టలు, పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) షాంపూ, లోపలి పనికి ఆల్ పర్పస్ క్లీనర్, అమ్మోనియా లేని గ్లాస్ క్లీనర్, రకరకాల బ్రష్‌లు, తడీపొడీ రెండూ లాగే వాక్యూమ్ క్లీనర్, చిన్న ప్రెషర్ వాషర్. అంతే. ప్రెషర్ వాషర్ ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోకండి. ఎర్ర నాజిల్ నీటిని సూదిలా కొడుతుంది, దాన్ని పెట్టెలోంచి తీయనే వద్దు. ఆకుపచ్చది ఇరవై అయిదు డిగ్రీలు, తెల్లది నలభై డిగ్రీలు విచ్చుకుంటుంది. కారుకు ఆ రెండూ చాలు, అవి కూడా అడుగు దూరం నుంచి. టచప్ వేసిన చోటా, పెయింట్ పెచ్చు లేచిన చోటా దగ్గరగా కొడితే పెచ్చు ఊడి వస్తుంది. పాలిషింగ్ మెషిన్ మొదట్లో కొనకండి, కారణం కింద మరో జవాబులో ఉంది.

ప్రశ్న: గిన్నెలు తోమే లిక్విడ్‌తో కారు కడిగితే ఏమవుతుంది? నురుగు బాగానే వస్తోంది కదా.

జిడ్డు వదలగొట్టడానికి చేసిన లిక్విడ్ అది. కారు మీదున్న వ్యాక్స్‌ను కూడా జిడ్డుగానే చూస్తుంది. పాత వ్యాక్స్ తీసేసి కొత్తది వేసే రోజున కొందరు కావాలనే వాడతారు. ప్రతివారం వాడటానికి మాత్రం కాదు.

ప్రశ్న: ధర ఎంత పెట్టాలో తేలడం లేదు. పక్క వీధిలో వాటర్ వాష్ చేసేవాళ్ళ కంటే కాస్త ఎక్కువ పెడితే సరిపోతుందా?

ఇదే ప్రశ్న చాలామంది వేరే వేరే మాటల్లో అడిగారు. సరిపోదు. వాటర్ వాష్ సెంటరు రోజుకు ఎన్ని కార్లు పంపిస్తే అంత లాభం అనే లెక్కతో నడుస్తుంది. మీ చేతిలో ఉన్నవి వారానికి రెండు రోజులు, అందులోనూ పగటి వెలుతురు ఉన్న గంటలే. మీరు అమ్ముతున్నవి ఆ గంటలు. కాబట్టి ముందు గంట విలువ తేల్చుకోండి, పక్కవాడి బోర్డు తర్వాత చూద్దురు గాని.

ఒక ఉదాహరణ రాస్తాను. మామూలు సైజు కారు, లోపలా బయటా కలిపి, పాలిష్ లేకుండా. కారు మీద మీ చేతులు ఉండే సమయం నాలుగు గంటలనుకుందాం. కొత్తవాళ్ళు ఆ నాలుగింటికే లెక్క కడతారు. సామాను బండిలో సర్దుకోవడానికి అరగంట. వెళ్ళడం, రావడం గంట. కారు చుట్టూ తిరిగి చూసి ఫోటోలు తీయడం, ఓనరుతో మాట్లాడటం అరగంట. ఇంటికొచ్చి బట్టలు ఉతికి, సీసాలు నింపి, వాక్యూమ్ కడిగి ఆరబెట్టడం మరో గంట. అంటే నాలుగు గంటల పని ఏడు గంటలైంది. మీరు తీసుకునే ధరలోంచి షాంపూలు, బట్టలు, పెట్రోలు, ఇన్సూరెన్స్, మెషిన్ల అరుగుదల తీసేసి మిగిలినదాన్ని ఏడుతో భాగించండి. వచ్చిన అంకె మీ ఉద్యోగంలో గంట జీతం కంటే తక్కువైతే, ఆ ధరకు చేయడం కంటే ఆదివారం నిద్రపోవడం లాభం.

మొదట కొన్ని కార్లు తెలిసినవాళ్ళవి చేయండి, ప్రతి పనికీ గడియారం చూసి సమయం రాసుకోండి. సీట్లకు ఎంత, చక్రాలకు ఎంత, అద్దాలకు ఎంత. పెంపుడు కుక్క తిరిగే కారులో వెంట్రుకలు తీయడానికే గంట దాటుతుంది, కార్పెట్‌లోకి దిగిన ఇసుకా అంతే. ఈ లెక్క చేతిలో ఉంటే ఫోన్‌లో ధర అడిగినవాళ్ళకు తడబడకుండా చెప్పగలుగుతారు. అయినా కారు చూడకుండా ఆఖరి ధర చెప్పొద్దు. "కారు మామూలుగానే ఉందండీ" అన్నవాళ్ళ కార్లలోనే నేను ఎక్కువ చెత్త చూశాను. ఇంత నుంచి ఇంత అని చెప్పి, చూశాక ఖాయం చేస్తానని అనండి.

ఇంకో మాట. ఒకేసారి పెద్ద పని ఇచ్చి మళ్ళీ కనిపించని కస్టమరు కంటే, నెలకోసారి కారు అప్పగించే కస్టమరు మేలు. రెండోసారి నుంచి కారు అంత మురికిగా ఉండదు, పని సగం సమయంలో అయిపోతుంది. వాళ్ళకు ధర తగ్గించినా గంటకు పడేది ఎక్కువే. ఒకే అపార్ట్‌మెంట్‌లోనో ఒకే ఆఫీసు పార్కింగ్‌లోనో ఇద్దరు ముగ్గురు దొరికితే ప్రయాణం కూడా కలిసొస్తుంది. ఆఫీసు అన్నాను కాబట్టి గుర్తొచ్చింది: ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో బయట పని చేయకూడదన్న నిబంధన ఉందేమో చూసుకోండి. రిజిస్ట్రేషన్, పన్ను, కడిగిన నీళ్ళు ఎటు వదలాలి అన్నవి ఎక్కడికక్కడ మారతాయి, మొదటి కస్టమరు డబ్బులు ఇవ్వకముందే కనుక్కోండి.

ప్రశ్న: సిరామిక్ కోటింగ్ మీద రెండు రోజుల శిక్షణ తీసుకున్నాను. లాభమంతా అందులోనే ఉందంటున్నారు. దాంతోనే మొదలుపెడదామని ఉంది.

వద్దు తమ్ముడూ. సిరామిక్ కోటింగ్ అంటే పెయింట్ మీద పూస్తే గట్టిపడే పారదర్శకమైన పూత. అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది ఆ కోటింగ్ కింద ఉన్నదాని గురించి.

ఫ్యాక్టరీలో రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్ వేస్తారు. అన్నీ కలిపి చాలా కార్లకు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 అనుకుంటే, మీరు పాలిష్ చేయబోయే పొర వెంట్రుక కంటే పలచన. పాలిష్ అంటే గీతను పూడ్చడం కాదు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీయడం. అరిగింది తిరిగి రాదు. ఎండ నుంచి రంగును కాపాడేది ఆ పొరే. అది మరీ పలచబడితే కొన్నాళ్ళకు పొలుసులుగా లేస్తుంది, అప్పుడు ఏ పాలిషూ పనిచేయదు, ఆ భాగానికి మళ్ళీ పెయింట్ వేయించాల్సిందే.

కోటింగ్ వేసే ముందు గీతలు తీయక తప్పదు. తీయకుండా వేస్తే గీతలన్నీ దాని కిందే ఉండిపోయి, నిగనిగలాడే గాజు కింద పెట్టి చూపించినట్టే. అంటే కోటింగ్ అమ్మడం మొదలుపెట్టిన రోజే మీరు పాలిషింగ్ మెషిన్ పట్టాలి. గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మెషిన్ ఒకే చోట వేడి పుట్టించి, అంచుల మీద క్షణంలో రంగు దాకా తీసేస్తుంది. ఊగుతూ తిరిగే డ్యూయల్ యాక్షన్ మెషిన్ కొత్తవాళ్ళకు నయం, అయినా బానెట్ అంచులకూ, తలుపుల మడతలకూ టేపు వేసుకోవాలి. మందం కొలిచే మీటరు ఉండాలి. అది మొత్తం మందం చెబుతుంది గాని, అందులో క్లియర్ కోట్ ఎంత అన్నది మామూలు మీటరు చెప్పదు. ఒక తలుపు మీద మిగతా కారు కంటే రెట్టింపు అంకె వస్తే అక్కడ ఎప్పుడో పెయింటింగ్ జరిగిందని అర్థం. ఇంకా చాలా ఎక్కువ వస్తే లోపల పుట్టీ ఉంది. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటర్లు పనిచేయవు, అక్కడ ఇంకా జాగ్రత్త.

ఇవన్నీ చేతికొచ్చాక కోటింగ్ సంగతి చూడవచ్చు. అదీ తీరుబడిగా చేసే పని కాదు. పూశాక, ఉన్న వేడినీ తేమనూ బట్టి, నిమిషమో కొద్ది నిమిషాలో, అంతలోనే తుడిచేయాలి. ఆలస్యమైతే గట్టిపడి మచ్చలు కడుతుంది, వాటిని మళ్ళీ పాలిష్ చేసి తీయాలి. మొదటి రోజు నీళ్ళు తగలకూడదు, వారం దాకా షాంపూ పెట్టకూడదు. దుమ్ము రాని, మూసిన చోటు కావాలి. వారాంతాల్లో ఆరుబయట పనిచేసే మనిషికి ఇవన్నీ కుదరవు. పైగా కోటింగ్ వేస్తే గీతలే పడవు, రాయి తగిలినా ఏమీ కాదు అని నమ్మించి అమ్మేవాళ్ళున్నారు. నీళ్ళు, మురికి త్వరగా జారిపోతాయి, కడగడం తేలికవుతుంది, మెరుపు ఎక్కువకాలం నిలుస్తుంది. దాని గొప్ప అంతవరకే. రాయి దెబ్బకు అది ఆగదు.

మీరైతే ఏడాదిపాటు వాష్, క్లే, సీలెంట్ (వ్యాక్స్‌లా పెయింట్‌ను కాపాడే పూత) దగ్గర ఆగండి. క్లే అంటే కడిగిన తర్వాత కూడా పెయింట్‌కు అతుక్కుని ఉన్న గరుకును లాగేసే మెత్తని ముద్ద. చేతికి పలచని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని బానెట్ మీద నిమరండి. మామూలు చేతికి తెలియని గరుకు అప్పుడు తెలుస్తుంది. క్లే నడిచేచోట లూబ్రికెంట్ తడి ఎప్పుడూ ఉండాలి, ముద్ద కిందపడితే పారేయాలి. అంత ఖరీదైనదాన్ని ఎలా పారేస్తామని అడగకండి, పెయింట్ ఇంకా ఖరీదు. ఆ మీద మంచి సీలెంట్ వేస్తే కొన్ని నెలలు ఉంటుంది. కస్టమరు చెయ్యి పెట్టి చూసి "కొత్త కారులా ఉందే" అంటాడు. మీరు పెయింట్‌ను పెద్దగా అరగదీయలేదన్న సంగతి మీకు తెలుసు.

ప్రశ్న: నీళ్ళు పట్టుకుని ఒళ్ళు తడుపుకునే పని నాకు వద్దు. కారు లోపలి శుభ్రం మాత్రమే చేస్తే కస్టమర్లు వస్తారా? నేను గృహిణిని, మధ్యాహ్నాలు తీరిక.

వస్తారమ్మా. నన్నడిగితే సైడు పనిగా ఇదే అన్నిటికన్నా తెలివైన ఆలోచన. నీళ్ళు తక్కువ, వాన వచ్చినా షెడ్డు కింద సాగుతుంది, పెయింట్ మీద చెయ్యి పడదు. పైగా బయట మురికిని భరించేవాళ్ళు కూడా లోపల వాసనను భరించరు.

వరస ముఖ్యం. ముందు కారులో ఉన్న వస్తువులన్నీ ఓనరు ముందే ఒక సంచిలో పెట్టి ఇచ్చేయండి, సీటు కింది నాణేలతో సహా. తర్వాత పైనుంచి దుమ్ము దులిపి, ఆఖరున కార్పెట్ వాక్యూమ్ చేయండి. ఏసీ వెంట్ల దగ్గర మెత్తని బ్రష్‌తో ఒక చేత్తో దులుపుతూ, రెండో చేత్తో వాక్యూమ్ గొట్టం దగ్గర పెట్టుకోండి. డ్యాష్‌బోర్డు మీద లిక్విడ్ నేరుగా కొట్టొద్దు, బట్ట మీద కొట్టి తుడవండి. బటన్ల సందుల్లోకి, స్క్రీన్ అంచుల్లోకి దిగితే ఎలక్ట్రానిక్స్ పాడవుతాయి. తళతళలాడే సిలికాన్ పూతలు చాలామంది అడుగుతారు. ఎండలో ఆ మెరుపు ముందద్దంలో ప్రతిఫలించి డ్రైవరు కళ్ళలో పడుతుంది. మెరుపు లేని డ్రెస్సింగ్ పెట్టి, ఎందుకో చెప్పండి. స్టీరింగ్, పెడళ్ళు, సీటుబెల్టు మీద జారే డ్రెస్సింగ్ ఏదీ రాయొద్దు.

సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటిని ఊడదీయకండి. ఎయిర్‌బ్యాగు వైర్లవి. ముందు ప్యాసింజర్ సీట్లో మనిషి కూర్చున్నాడో లేదో గుర్తించే సెన్సర్ ఉండొచ్చు, సీటును నీళ్ళతో నానబెట్టొద్దు. పైకప్పు లైనింగ్‌ను జిగురుతో అంటిస్తారు. ఎక్కువ తడిపి రుద్దితే జిగురు వదిలి సంచిలా వేలాడుతుంది. మరక ఉన్నంత మేర బట్టతో అద్దండి చాలు.

పాలు ఒలికిన కారు తప్పకుండా మీ దగ్గరకు వస్తుంది. ఓనరు అప్పటికే సెంటు సీసా, తర్వాత ఇంకో సెంటు సీసా పెట్టి ఉంటారు. పాలు కార్పెట్ దాటి కింద ఉన్న ఫోమ్‌లోకి దిగితే పైన ఎంత తుడిచినా లాభం లేదు. మ్యాట్ తీసి, తెల్లబట్ట పెట్టి గట్టిగా అదిమి చూడండి, బట్టకు తడి అంటితే ఫోమ్‌లో ఇంకా ఉందని లెక్క. ఎంజైమ్ క్లీనర్‌ను పాలు దిగినంత లోతుకు దిగేలా పోసి, సీసా మీద రాసినంత సేపు తడిగా ఉంచి, వాక్యూమ్‌తో లాగండి. మళ్ళీ కొంచెం నీళ్ళు, మళ్ళీ లాగుడు. ఆ తర్వాత ఆరబెట్టడమే అసలు పని. తలుపులు తెరిచి ఫ్యాన్ పెట్టండి, లోపలి లైట్లు ఆపడం మరిచిపోవద్దు, లేకపోతే బ్యాటరీ దిగి సాయంత్రం కారు స్టార్ట్ కాదు. తడి ఉండగా కారు అప్పగిస్తే ఒక వాసన తీసేసి బూజు వాసన పెట్టినట్టవుతుంది. అందుకే ఇలాంటి పనిని ఒక పూటలో ఇస్తానని ఒప్పుకోకండి.

వాసన పోగొట్టడానికి పెట్టే ఓజోన్ మెషిన్ గురించి అడుగుతారు. మురికి తీయకుండా అది పెడితే వాసన రెండు రోజుల్లో తిరిగొస్తుంది. ఓజోన్ ఊపిరితిత్తులకు మంచిది కాదు, అది నడిచేటప్పుడు కారులో ఎవరూ ఉండకూడదు, తర్వాత చాలాసేపు తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి. ఏసీ వేసినప్పుడే వాసన వస్తోందంటే కార్పెట్‌ను వదిలి క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. ఆ ఫిల్టర్ చూపిస్తే చాలు, ఓనరు ఇక మీతో ధర గురించి వాదించరు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో పైపు పెట్టి కార్లు కడగనివ్వరు. ఇక నాకు దారి లేదా?

ఉంది. రిన్స్‌లెస్ వాష్ అని దొరుకుతుంది. బకెట్ నీళ్ళలో సీసా మీద చెప్పిన కొలత ప్రకారం కలిపితే కారు మొత్తానికి సరిపోతుంది, మళ్ళీ నీళ్ళు పోసి కడగనక్కర్లేదు. అందులోని పాలిమర్లు దుమ్మును చుట్టుకుని బట్టలోకి లాగుతాయి. మైక్రోఫైబర్ బట్టను రెండుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక్కో భాగానికి కొత్త ముఖం వాడండి. ఎనిమిదీ అయిపోయిన బట్టను బకెట్‌లో ముంచకుండా పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి. ఆరబెట్టేది వెంటనే. అయితే చక్రాల పైన బురద గట్టిపడిన కారుకు ఇది పనికిరాదు. అలాంటి కారు వస్తే ముందు ఎక్కడైనా నీళ్ళతో కొట్టించుకుని రమ్మనండి. అపార్ట్‌మెంట్ కమిటీకి ముందే చూపించి ఒప్పించుకోండి, వాచ్‌మన్‌తో ఆదివారం పొద్దున గొడవ దేనికి.

ప్రశ్న: కారు తిరిగి ఇచ్చాక ఓనరు తలుపు మీద గీత చూపించి, నేనే పెట్టానంటున్నాడు. అది పాత గీతే. ఏం చేయాలి?

ఈసారికి ఏమీ చేయలేరు, మాట మీద మాటే. వచ్చే కారు నుంచి తాళం తీసుకునే ముందు ఓనరుతో కలిసి కారు చుట్టూ ఒకసారి నడవండి. తేదీ కనిపించేలా వీడియో తీయండి. సొట్టలు, గీతలు, ఫుట్‌పాత్‌కు ఒరుసుకున్న చక్రాల అంచులు, ముందద్దం మీద రాతి దెబ్బ, సీటు చిరుగులు. ఇంజిన్ ఆన్ చేసి డ్యాష్‌బోర్డులో ఏయే హెచ్చరిక లైట్లు వెలుగుతున్నాయో, కిలోమీటర్ల అంకె ఎంతో ఫోటో తీయండి. అద్దాలు, వైపర్లు, ఏసీ పనిచేస్తున్నాయో చూడండి. ఒక పేజీ కాగితం మీద ఇవన్నీ రాసి సంతకం తీసుకోండి. కొత్తలో మొహమాటంగా ఉంటుంది. బాధ్యతగల మనిషి ఎవరూ అభ్యంతరం చెప్పగా నేను చూడలేదు, పైగా ఇతను పద్ధతి తెలిసినవాడు అనుకుంటారు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఏజెంటును ఒకటే సూటిగా అడగండి: "పని కోసం నా చేతికి వచ్చిన కస్టమరు కారుకు నా వల్ల నష్టం జరిగితే ఇది వర్తిస్తుందా? ఆ కారును నేను నడిపితే వర్తిస్తుందా?" మామూలు పబ్లిక్ లయబిలిటీ పాలసీల్లో మీ అధీనంలో ఉన్న వస్తువును చాలాసార్లు మినహాయిస్తారు. జవాబు నోటితో కాదు, కాగితం మీద తీసుకోండి.

ప్రశ్న: బావమరుదులు, పెదనాన్న కొడుకులు అందరూ ఫ్రీగా చేయమంటున్నారు. కాదంటే తప్పవుతుందేమో.

ఒకసారి ఫ్రీగా చేయండి, బదులుగా ముందూ తర్వాతా ఫోటోలు తీసుకుంటానని, వాళ్ళ ఆఫీసులో ఇద్దరికి చెప్పాలని ఒప్పందం పెట్టండి. రెండోసారి "బావా, ఈ నెల ఆదివారాలన్నీ నిండిపోయాయి, శనివారం స్లాటు ఉంది, రేటు ఇదీ" అనండి. నిజంగా కావలసినవాళ్ళు ఇస్తారు.

ప్రశ్న: అలాయ్ చక్రాలు క్షణాల్లో తెల్లబడే ఆసిడ్ క్లీనర్ దొరుకుతోంది. వాడొచ్చా?

సీసా మీద హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్, అమ్మోనియం బైఫ్లోరైడ్ అన్న పేర్లుంటే ముట్టుకోకండి. చర్మం మీద పడిన వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా హాని చేస్తుంది, ప్రాణం మీదికి కూడా తెస్తుంది. చక్రాల మీది పూత సంగతి తర్వాత. ఇనుప రేణువులకు ఐరన్ రిమూవర్ అని దొరుకుతుంది, కొట్టగానే ఊదారంగుకు మారి కారుతుంది. వాసన ఘోరంగా ఉంటుంది, గాలి ఆడేచోట, నైట్రైల్ గ్లౌజులతో, నీడలో వాడండి. ఏ సీసాలో ఏముందో పేరు, కలిపిన పాళ్ళు రాసి అంటించండి. బ్లీచ్‌ను ఆసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ప్రశ్న: ఎప్పుడు ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి రావొచ్చు?

పని బాగా ఉన్న నెల చూసి నిర్ణయం తీసుకోకండి. వానాకాలం కూడా కలిపి ఏడాది లెక్క రాయండి. నెలనెలా వచ్చే కస్టమర్ల డబ్బుతోనే ఇల్లు గడుస్తుందా అని చూడండి, ఒక్కసారి వచ్చిపోయేవాళ్ళ డబ్బును లెక్కలో వేయకండి. ఇంకోటి, ఒళ్ళు. వారానికి రెండు రోజులు వంగి చేసే పని ఆరు రోజులు చేస్తే నడుము, మోకాళ్ళు వేరే భాష మాట్లాడతాయి. మెషిన్ పట్టుకున్న రోజు రాత్రి వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఏ నిర్ణయం తీసుకునే ముందైనా, వరసగా పది రోజులు సెలవు పెట్టి రోజూ ఈ పనే చేసి చూడండి.

ప్రశ్న: మా బాస్ తన నల్లకారును ఆదివారం సాయంత్రానికి అద్దంలా చేసి ఇమ్మన్నారు. ఒప్పుకున్నాను. కారు చూస్తే ఒళ్ళంతా గీతలే. టెన్షన్‌గా ఉంది.

నలుపు మీద ప్రతి గీతా కనిపిస్తుంది. అది రంగు తప్పు, మీది కాదు. ముందు కడిగి, క్లే చేసి, బానెట్ మీద మూరెడు చతురస్రం టేపుతో గుర్తు పెట్టుకోండి. మెత్తని ప్యాడ్, తక్కువగా అరగదీసే పాలిష్‌తో మొదలుపెట్టండి. అది చాలకపోతేనే ఒక మెట్టు పైకి. ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్ళలో కలిపి తుడిచి చూడాలి, లేకపోతే పాలిష్‌లోని నూనెలు గీతల్ని తాత్కాలికంగా దాచేసి, రెండు వాష్‌ల తర్వాత అవి మళ్ళీ బయటపడతాయి. ఆ చతురస్రానికి పట్టిన సమయాన్ని కారు మొత్తానికి లెక్క కట్టండి. మీకు అర్థమైపోతుంది, ఒక రోజు పని కాదని.

మీరు ఇంతకుముందు మెషిన్ పట్టకపోతే ఆ చతురస్రం కూడా బాస్ కారు మీద వద్దు, పాత బానెట్ ఒకటి తుక్కు సామాను కొట్టులో కొని దాని మీద ప్రయత్నించండి. బాస్‌కు ఇప్పుడే ఫోన్ చేసి, గీతలు తీయాలంటే రెండు రోజులు కారు వదిలేయాలని చెప్పండి. ఆదివారం సాయంత్రానికే కావాలంటే వాష్, క్లే, వ్యాక్స్ వరకు ఒప్పుకోండి. నలుపు లోతుగా, తడిగా కనిపిస్తుంది, గీతలు మాత్రం అలాగే ఉంటాయని తాళం చేతికి తీసుకోకముందే చెప్పండి.